మూడో పీపలో ఇప్పపువ్వు

పోయిన వారం మనం రఘురామ్‌ను మూడో పీప ముందు నిలబెట్టి, ముక్కు గ్లాసులో పెట్టించి వదిలేసి వచ్చాం. పాపం, ఆయన ఇంకా అలాగే ఉన్నాడు.

ఈ వారమే కొత్తగా పత్రిక తెరిచిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఉపేందర్ గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. జైపూర్ మండలంలో, పత్తి చేల మధ్య పాత రేకుల షెడ్డులో బెల్లంతో రమ్ము తీసే చిన్న కార్ఖానా పెట్టాడు. అనుమతులన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా చుట్టుపక్కల వాళ్లు దాన్ని గుడుంబా బట్టీ అనే పిలుస్తారు. రెండేళ్ల కిందట రాగి పాత్రలో కాచి చెక్క పీపల్లో పోసిన సరుకు ఇప్పుడు పండింది. ఈలోగా తండ్రి రాయమల్లు ఊపిరి చెడి బాయి పనికి అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఉపేందర్‌కు అందులో చేరే వయసు దాటుతోంది కనుక వచ్చే సోమవారంలోగా అవునో కాదో చెప్పేయాలి.

రఘురామ్ హైదరాబాదు కంపెనీ ఒకదాని తరఫున రుచి చూడటానికి వచ్చాడు. ఆయన సరేనంటే షెడ్డు నిలుస్తుంది. కాదంటే ఉపేందర్ పొయ్యి ఆర్పేసి, టోపీకి లైటు తగిలించుకుని, తండ్రి దిగిన బాయిలోకే దిగాలి. విషయం ఇంతే. ఇక పీప దగ్గరికి పోదాం.

రఘురామ్‌ది మంథని. తాత గుడిలో పూజారి, తండ్రి బడిలో పంతులు. కొడుక్కి మాత్రం దేవుడు లోకంలో లేని నాలుక ఇచ్చాడు. "వాసన చూసే ఉద్యోగం" అని తల్లి విశాలాక్షమ్మకు చెప్పుకున్నాడు. ఆమె అత్తరు కంపెనీ అనుకుని నలుగురికీ అలాగే చెప్పుకుంటోంది. పాతికేళ్లుగా మందు మీద బతుకుతున్న ఈ మనిషి ఒక్క గుక్క కూడా కడుపులోకి పోనివ్వడు. నోట్లో తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మేస్తాడు. అది ఆయన నియమం, నిష్ఠ.

మొదటి రెండు పీపల దగ్గర ఆయన "బాగుంది" అన్నాడు. ఆ అన్న తీరుతోనే ఉపేందర్‌కు సంగతి తెలిసిపోయింది. పెళ్లిచూపుల్లో పిల్ల బాగుందని చెప్పి, మళ్లీ కబురే పంపని వాళ్ల గొంతు అది.

ఇక మూడో పీప.

గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తాడు. ముదిరిన తేనె రంగు. ఒకసారి వంచి నిలబెట్టాడు. గాజు గోడ మీద సన్నటి ధారలు తొందరేమీ లేనట్టు ఆగి ఆగి దిగాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. వేలితో రెండు చుక్కల నీళ్లు రాల్చి ఇంకోసారి చూశాడు.

"పాకం" అన్నాడు తనలో తాను. "అరిసెల పాకం గాదు, దానికంటె ఇంకింత ముదిరింది. వెనక చెక్క. ఎండుకొబ్బరి. నారింజ తొక్క ఎండబెడితే వస్తది చూడు, గది కూడ ఉన్నది. దాని వెనక ఇంకేదో ఉన్నది."

కళ్లు మూసుకుని ఒక చిన్న గుక్క పట్టాడు. దవడ అటూ ఇటూ కదిలింది. ముక్కుతో మెల్లగా గాలి వదిలాడు. ఉపేందర్ స్టీలు గిన్నె అందించాడు. రఘురామ్ గిన్నె వైపు చూశాడు. చూసి, మింగేశాడు.

"సార్, మింగిండ్రు" అన్నాడు ఉపేందర్.

"తెలుసు. ఆగు నువ్వు" అన్నాడు రఘురామ్ విసుగ్గా. మిగిలిన రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్ది, దోసిలిలో మొహం పెట్టాడు. బయటికి తీసేసరికి ఆ మొహం మారిపోయి ఉంది. "ఉపేందర్, దీంట్ల ఏమేసినవ్?"

"బెల్లం, నీళ్లు, ఈస్టు. గంతే సార్."

"నా దగ్గర దాచకు. చిన్నప్పుడు ఎండకాలం మహాముత్తారం అడివి దిక్కు పోతే, పొద్దుగాల నేల మీద చాపేసినట్టు రాలి ఉండేది. ఆ వాసన నా ముక్కుల నుంచి ఇంకా పోలే. ఇది ఇప్పపువ్వు."

ఉపేందర్ తనే గ్లాసు లాక్కుని వాసన చూశాడు. రెండేళ్లుగా ఆ పీపను నెలనెలా చూస్తూనే ఉన్నాడు. ఆ తీపి వాసనను చెక్కది అనుకున్నాడు, తన చేతి పనితనం అని కూడా లోలోపల మురిసిపోయాడు. ఇప్పుడు పేరు చెప్పాక మరొకటి అనుకోవడానికి వీల్లేకుండా పోయింది.

"మా అవ్వ మీద ఒట్టు సార్, నేనెయ్యలే. పనోళ్లు గూడ ఎయ్యరు."

"ఇప్పపువ్వు పడ్డదంటే ఇది రమ్ము గాదు. నీ కాగితాలల్ల ఒక్క బెల్లమే రాసి ఉన్నది. మరి దీన్ని నేనేమనుకోవాలె?"

తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. గుడుంబా బట్టీ అని పేరు పడ్డ షెడ్డులో నిలబడి "నాకేం తెలియదు" అంటే ఎవరు నమ్ముతారు? దొంగతనం చేయకుండానే దొరికిపోయిన సిగ్గు ఉపేందర్‌ది.

అయితే రఘురామ్‌కు కోపం కంటే ఆత్రమే ఎక్కువగా ఉంది. పీప చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. గుడి వంశం కదా, అలవాటు పోదు.

"చూడు ఉపేందర్. ఇసోంటిది నా నాలిక మీద ఎన్నడు పడలే. ఎవరేసిండ్రు, ఎట్లేసిండ్రు, ఎంతేసిండ్రు, గది తెలిసిందంటే ఇంకో పేరు మీద అనుమతి తెచ్చుకుంటం, నీతోని ఏటేట చేయిస్తం. తెల్వదంటే మాత్రం ఇది దొంగసరుకే. నేను ముట్టుకోను. ఆ రెండు పీపలసోంటివి నాకు ఎక్కడైనా దొరుకుతయ్."

అప్పుడే బయట ఆటో ఆగింది. ఉపేందర్ తల్లిదండ్రులు దిగారు. రాయమల్లు చేతిలో స్టీలు క్యారియరు. పట్నం నుంచి వచ్చిన పంతులు హోటలు తిండి తింటాడేమోనని తల్లి సారలమ్మ పప్పుచారు, వంకాయకూర, సర్వపిండి చేసి తెచ్చింది. తేవడమైతే తెచ్చింది గానీ గడప దగ్గరే నిలబడిపోయింది. కొడుకు బొగ్గుబాయి నౌకరీ కోసం చూడకుండా సారా పెట్టుకున్నాడన్న కోపంతో ఆమె ఇన్నాళ్లూ ఆ గడప లోపల కాలు పెట్టలేదు. అన్నం మాత్రం రోజూ పంపుతుంది. కోపం కోపమే, ఆకలి ఆకలే.

రఘురామ్ గ్లాసులో ఇంకొంచెం పోయించుకుని గడప దగ్గరికే నడిచాడు. తనకు తోచిన వాసన ఇంకో ముక్కుకు కూడా తోస్తుందో లేదో చూడాలని ఆయన ఆరాటం.

"అమ్మా, తాగొద్దు. ఒక్కసారి వాసన చూసి చెప్పుండ్రి."

"ఛీ, నాకెందుకు సారూ గీ పాడు వాసన?" అని సారలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కానీ ఆ గాలి కొంగు దాటి వచ్చింది. ఆమె చేయి దిగింది. గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకునే ఉంది.

"గిది నా బంగారం సంచి వాసన" అంది.

"ఏ సంచి అవ్వా?" అన్నాడు ఉపేందర్.

మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సమ్మక్క సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని బంగారం అంటాం. పెద్ద ఆపద గట్టెక్కితే మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, నిలువెత్తు బెల్లం తూచి మేడారంలో అమ్మల గద్దె దగ్గర అప్పజెప్పి వస్తాం. రెండేళ్ల కిందట, పోయిన జాతరకు ముందు బాయిలో పైకప్పు కూలి, రాయమల్లు బొగ్గు పెళ్లల వెనక చిక్కుకుపోయాడు. బయటికి తెచ్చేదాకా సారలమ్మ బాయి గేటు దగ్గర మన్నులో కూర్చుని, ఆయన ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. ఆయన బతికాడు. అంగట్లో తూచి బెల్లం కొన్నారు.

"గా బెల్లం ముద్దల నడుమ నేనే ఇప్పపువ్వు ఏసిన" అంది సారలమ్మ. "మా అవ్వగారింట్ల గట్లనే ఏస్తరు. అడివిల ఉండే తల్లి గద, అడివి వాసన ఉండాలె అంటరు. జాతర దాక సంచి నా మంచం కిందనే ఉండె. దాని వాసన నాకు తెల్వదా? కానీ గది ఈడికెట్లొచ్చింది? గది మేడారం పాయె గద!"

"ఎవరు తీసుకపోయిండ్రమ్మా?" అన్నాడు రఘురామ్.

"ఇంకెవరు? నాకు మోకాళ్లు పట్టేసి పోలేకపోతి. ఈయననే పాయె."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రాయమల్లు అంతవరకూ బాగానే ఉన్న క్యారియరు క్లిప్పును ఊడదీసి మళ్లీ పెట్టడం మొదలుపెట్టాడు. అక్కడున్న ముగ్గురూ ఆ క్లిప్పునే చూశారు.

"బాపూ" అన్నాడు ఉపేందర్.

రాయమల్లు గడప పక్కన బస్తా మీద కూర్చున్నాడు. ఆయనకు ఇప్పుడు ఊపిరి తక్కువ. మాట కూడా ఆగి ఆగి వస్తుంది.

"మేడారం బస్సుకని ఎల్లిన. నిజంగనే ఎల్లిన. కొడుకు పని మొదలువెట్టిండు గద, ఒక్క నిమిషం చూసి పోదమని ఆటోను ఇటు తిప్పించిన. వచ్చి చూస్తె ఏమున్నది! బెల్లం లారీ జాతర బండ్లల్ల ఇరుక్కున్నదట. తొట్టిల సగమే పడ్డది. ఇంకింత పడకుంటె తొట్టి మొత్తం పులిసిపోయి పారబోసుడే అంటున్నరు. వీడు బయట నిలవడి ఫోన్ల మీద ఫోన్లు కొడుతున్నడు. గొంతు పోయింది. నన్ను గూడ చూడలే."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"నా భుజం మీద నా ఎత్తు బెల్లం ఉండె. నేనేం జేద్దు? కుమ్మరించిన. పనోళ్లను నోరు మూసుకోమన్న."

ఉపేందర్‌కు ఆ రోజు కళ్ల ముందుకొచ్చింది. ఫోను పెట్టేసి లోపలికి వస్తే తొట్టి నిండి ఉంది. పనివాళ్లు ఎక్కడో మూలనున్న బస్తా వెతికి వేశారనుకున్నాడు. నురగ మీద ఏవో తేలితే, బెల్లంతో వచ్చిన చెత్త అనుకుని దేవేశాడు. ఆ సంతోషంలో ఎవరినీ ఏమీ అడగలేదు. అదే ఈ మూడో పీపలోకి వెళ్లిన సరుకు.

"మరి నువ్వు తెచ్చిన ప్రసాదం?" అంది సారలమ్మ.

"బస్టాండు కాడ కిరాణంల కొన్న" అన్నాడు రాయమల్లు నేల చూస్తూ. "పసుపు, కుంకుమ నేనే చల్లిన."

ఆ కిరాణం బెల్లాన్ని వాడకట్టంతా కళ్లకద్దుకుని తింది. పక్కింటి ఐలవ్వకైతే ఆ ప్రసాదంతోనే నడుము నొప్పి తగ్గింది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ కనపడ్డ వాళ్లందరికీ చెబుతుంది. ఆమెకు ఈ మాట ఎవరూ చేరవేయకండి.

"దొరికింది!" అన్నాడు రఘురామ్. ఆయనకు ఇంకేమీ వినిపించడం లేదు. "అమ్మా, పువ్వు ఎండుదా, పచ్చిదా? ఒక్కో పొరకు ఎంతేసినవ్? పిడికెడా, దోసెడా? ఉపేందర్, పీప నాది. ఎల్లుండి లారీ పంపిస్త. అనుమతి సంగతి నేను చూసుకుంట. సోమవారం ఫికరు మర్చిపో."

ఉపేందర్ గుండెలో రెండేళ్లుగా ఉన్న బండ కదిలింది. నవ్వబోయాడు. తల్లి మొహం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

సారలమ్మ భర్తనే చూస్తోంది. "గందుకే" అంది. "గా ఎండకాలంలనే నీకు దగ్గు పట్టె. ఎన్ని దవాఖానలు తిరిగినా తగ్గకపాయె. నేను ఎవ్వలెవ్వలినో తిట్టుకున్న. మొక్కు తీరిందనుకొని నిమ్మళంగ పన్న. నువ్వేమో మేడారం అమ్మ సొమ్ము తెచ్చి సారాల పోసినవ్."

"దగ్గు బొగ్గుది సారలా" అన్నాడు రాయమల్లు. "అమ్మ మీదికి తోలకు."

"నువ్వు మాట్లాడకు!"

అని, ఇన్నాళ్లూ దాటని గడప ఒక్క అంగలో దాటేసింది. చీకటి గదిలో వరసగా పడుకోబెట్టిన పీపల మధ్య నుంచి నడిచి మూడోదాని ముందు నిలబడింది. రొండిన దోపుకున్న చిన్న సంచి తీసింది. అందులో పోచమ్మ గుడి కుంకుమ ఎప్పుడూ ఉంటుంది. వేలు ముంచి పీప చెక్క మీద ఎర్రగా ఒక బొట్టు పెట్టింది.

రఘురామ్‌కు అర్థం కాలేదు. ఉపేందర్‌కు అయింది. దేవతకు విడిచిన మేకకు ఇలాగే బొట్టు పెడతారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ కొట్టరు, కట్టేయరు, ఎంత ధర వచ్చినా అమ్మరు. అది ఆ ఇంటిది కాదు.

"బంగారం దీంట్ల ఉన్నది. గందుకని పీప మొత్తం అమ్మదే" అంది సారలమ్మ. "వచ్చే వారమే జాతర. గద్దె కాడికి తీసుకపోయి సాక పొయ్యాలె. ఒక్క చుక్క మిగులొద్దు."

"అమ్మా, మొత్తమా? నేల మీద పోస్తరా?" రఘురామ్ గొంతులో నొప్పి నిజంగానే వినిపించింది.

"అమ్మకు పోసుడంటే నేల మీదనే పోస్తరు సారూ."

మొక్కు ఖాయం చేసే రెండో బొట్టు కోసం ఆమె వేలు కుంకుమలో మునిగింది. ఉపేందర్ వెళ్లి ఆ చేయి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు, పట్టుకున్నాడంతే.

"అవ్వా, గీ పీప పోతే నాకు ఇంకేం లేదు. సోమవారం సంతకం పెట్టి బాయి దిగుడే."

"దిగు. అందరు దిగుతలేరా? నీ బాపు దిగలేదా?"

"దిగిండు. గందుకే గద నువ్వు గేటు కాడ మన్నుల కూసున్నవ్. ఆయన బయటికి రావాలెనని మొక్కినవ్. రేపు నా కోసం మల్ల కూసుంటవా?"

కొడుకును నౌకరీ నౌకరీ అని రెండేళ్లుగా సతాయించిన సారలమ్మ, ఆ నౌకరీ ఎక్కడ ఉంటుందో ఆ క్షణం దాకా ఆలోచించలేదు. లేదా ఆలోచించీ పక్కన పెట్టుకుంది. కళ్లు నిండాయి. కుంకుమ వేలు గాలిలోనే ఉండిపోయింది. రెండో బొట్టు పెడితే కొడుకు బాయిలోకి, పెట్టకపోతే మొగుడి మొక్కు గాలికి. ఏ తల్లినైనా ఇంత ఇరుకున పెట్టకూడదు.

అప్పుడు బస్తా మీద నుంచి రాయమల్లు లేచాడు. గోడ పట్టుకుని, ఆగుతూ ఆగుతూ వచ్చాడు.

"ఎత్తు ఎవరిది? నాది. బతికిందెవరు? నేను. కుమ్మరించింది గూడ నేనే" అన్నాడు. "మీరు మీరే కొట్లాడుకుంటున్నరు. నన్ను అడుగుతలేరు. ముందుగాల నాకో గుక్క పొయ్యి బిడ్డా. నా ఎత్తు బంగారం ఏమైందో నేను చూడద్దా?"

ఊపిరి చెడ్డప్పటి నుంచి ఆయన చుక్క ముట్టలేదు. ఉపేందర్ తల్లి వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. గాజు గొట్టంతో పీపలోంచి కొంచెం తీసి గ్లాసులో పోశాడు.

రాయమల్లు గ్లాసులో వేలు ముంచి నేల మీద మూడు చుక్కలు రాల్చాడు. రఘురామ్‌లా వాసన చూడలేదు, వెలుగుకు ఎత్తలేదు. ఒక్క గుక్క పోసుకుని కళ్లు మూసుకున్నాడు. దగ్గు వస్తుందని అందరూ చూశారు. రాలేదు. మొహం మీద మెల్లగా ఒక వింత కనిపించింది. జాతరలో తప్పిపోయి ఇల్లు చేరిన పిల్లవాడికి ఉంటుందే, అలాంటి నెమ్మది.

"మంచిగున్నది సారలా" అన్నాడు. "ఇంత మంచిగున్నదాన్ని అమ్మకు చూపెట్టకుండ పట్నం పంపుడు తప్పే. అమ్మకు చూపెట్టి మొత్తం నేల పాలు చేసుడు గూడ తప్పే. అమ్మ గంత ఆశపోతు గాదు. ఇంత సాక పోస్తె చాలు."

కళ్లు తెరిచి, భార్యను దాటి, కొడుకును దాటి, రఘురామ్‌ను చూశాడు.

"పంతులూ, ఎల్లుండి వచ్చే నీ లారీ మేడారం మీదికెళ్లి పోతదా?"

పీప ఎక్కిన లారీ ఏ దారిన వెళ్లాలో పర్మిట్‌లో ముందే రాసి ఉంటుంది. పక్కకు తిరిగితే సరుకు జప్తు, ఆ పైన రఘురామ్ ఉద్యోగం కూడా. మేడారం ఆ దారిలో లేదు. అది చెప్పడానికే ఆయన నోరు తెరిచాడు. నాలుక మీద ఇప్పపువ్వు ఇంకా ఉంది.

సారలమ్మ కుంకుమ వేలు దించకుండా ఆయన వైపు తిరిగింది.

"చెప్పు సారూ" అంది. "పోతదా?"